ఛాతీ నలిగిన పేషెంటుకు వెంటిలేటర్: నైట్ డ్యూటీకి కొత్తగా వచ్చినవాళ్లకు

కర్నూలులో ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను. 44వ నంబరు హైవే నుంచి అర్ధరాత్రి వచ్చే కేసుల్లో నాకు టెన్షన్ పెట్టేవి ఛాతీ దెబ్బలే.

మిషన్ సంగతి తర్వాత. ముందు దుప్పటి తీసి ఛాతీ చూడండి. వరసగా మూడో, ఇంకా ఎక్కువో పక్కటెముకలు రెండేసి చోట్ల విరిగితే, ఊపిరి పీల్చినప్పుడు ఆ భాగం లోపలికి పోతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది. ఫ్లెయిల్ చెస్ట్ అంటే ఇదే. అది కనబడగానే నోట్లో ట్యూబ్ వేసేయరు. ఎపిడ్యూరల్‌తోనో (వెన్నులో ఇచ్చే నొప్పి మందు), నర్వ్ బ్లాక్‌తోనో (నరం దగ్గర ఇచ్చే మత్తు) నొప్పి తగ్గిస్తే సొంతంగా దగ్గి కఫం తెచ్చుకునేవాళ్లున్నారు. ఆక్సిజన్ నిలబడకపోయినా, మనిషి ఆయాసంతో అలసిపోతున్నా అప్పుడు వెంటిలేటర్. కమిలిన ఊపిరితిత్తి మొదటి రోజు బాగానే ఉన్నట్టుండి 24 నుంచి 48 గంటల్లో దెబ్బతీయొచ్చు. అందుకే రెండో రాత్రి కునుకు తీయొద్దంటాను.

ఛాతీలో, ఊపిరితిత్తి బయట గాలి చేరిందేమో డాక్టర్ని అడగండి. చేరి ఉంటే మిషన్ తోసే ప్రతి ఊపిరీ దాన్ని పెంచుతుంది. అందుకే ముందుగా చెస్ట్ ట్యూబ్ పడాలి, అంటే ఆ గాలిని నీళ్ల బాటిల్లోకి బయటికి పంపే గొట్టం.

సెట్టింగులు డాక్టరు పెడతారు, సరిచూసేది మనం. ఒక్కో ఊపిరికి కిలోకు 6 మి.లీ. లెక్క, కిలోలు త్రాసువి కాదు, ఎత్తును బట్టి వచ్చేవి. 170 సెం.మీ. మగమనిషి 90 కిలోలున్నా లెక్కకు 66 కిలోలే, అంటే సుమారు 400 మి.లీ. ప్లాటో ప్రెషర్ (ఊపిరి నిండాక ఒక్క క్షణం ఆపి చూసే ఒత్తిడి) 30 సెం.మీ. నీటి ఒత్తిడి దాటకూడదు. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో మిషన్ నిలిపే ఒత్తిడి) అదే కొలతలో 5తో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. వెన్నెముకకు దెబ్బ లేదని తేలితే తల వైపు 30 డిగ్రీలు ఎత్తండి.

హై ప్రెషర్ అలారం కూసిందా? నొక్కి ఆపేసి కూర్చోకండి. డాక్టర్ని కేకేసి, ట్యూబ్ జరిగిందా, కఫం అడ్డుపడిందా, ఒక పక్క ఛాతీ లేవడం లేదా చూడండి. బీపీ కూడా పడిపోతుంటే మిషన్ తీసి, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగ్ పట్టండి.

ఒకసారి ఒక పేషెంటును సీటీ స్కాన్‌కు తీసుకెళ్తూ, బాటిల్ ఒలుకుతుందేమోనని చెస్ట్ ట్యూబ్‌ను నొక్కి మూసే క్లాంప్ నేనే వేశాను. లిఫ్టులోనే ఆయన పెదాలు నీలం తిరిగాయి. వెంట ఉన్న అనస్థీషియా డాక్టరు క్లాంప్ లాగేశారు, బాటిల్లో బుడగలు మొదలయ్యాయి, కాసేపటికి రంగు తిరిగింది. ఆ డాక్టరు నన్ను ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు షిఫ్టింగుకు ముందు క్లాంపులు రెండూ నా జేబులో వేసుకుంటాను, బాటిల్ మాత్రం ఛాతీ కంటే కిందే వేలాడాలి.