పల్సార్ వయసు ఎలా లెక్కేయాలి? ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు

పల్సార్ అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ స్టార్, గిరగిరా తిరుగుతూ లైట్‌హౌస్ లాగా మన వైపు పల్స్‌లు పంపిస్తుంటుంది. దాని వయసు ఎలా కడతారో క్రాబ్ పల్సార్ మీద చేసి చూద్దాం, దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే ఆ పేలుడు వెలుగుని 1054లో చైనా వాళ్లు చూసి రాసిపెట్టారు, కాబట్టి మన ఆన్సర్ కరెక్టో కాదో చివర్లో తేలిపోతుంది.

ముందు పీరియడ్ కావాలి, ఒక్క చుట్టు తిరగడానికి ఎంత టైమ్ పడుతుందో అది. బోలెడన్ని పల్స్‌లు రికార్డ్ చేసి తీస్తారు, కానీ భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ కొన్నాళ్లు పల్సార్‌కి దగ్గరవుతుంది కొన్నాళ్లు దూరమవుతుంది, ఆ తేడా తీసెయ్యకపోతే లెక్కంతా పాడవుతుంది.

తర్వాత స్పీడ్ ఎంత తగ్గుతోందో చూడాలి. దీనికి ఓపిక కావాలి, నెలలు, ఏళ్ల తరబడి అదే పల్సార్‌ని గమనించాలి. కుర్ర పల్సార్లతో ఒక ఇబ్బంది ఉంది, ఉన్నట్టుండి స్పీడ్ కాస్త పెరుగుతుంది, దాన్ని గ్లిచ్ అంటారు. వేలా పల్సార్ దీనికి బాగా ఫేమస్. గ్లిచ్‌ని విడిగా లెక్కలోకి తీసుకోకపోతే వయసు తప్పొస్తుంది.

ఇప్పుడు లెక్క. 1990ల నాటి కొలతల్లో క్రాబ్ పీరియడ్ దాదాపు 33.4 మిల్లీసెకన్లు, అంటే 3,34,00,000 నానోసెకన్లు. రోజుకి సుమారు 36.3 నానోసెకన్లు పెరుగుతోంది. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 9,20,000 రోజులు, అందులో సగం తీసుకుని 365తో భాగించండి, 1260 ఏళ్లు వస్తుంది. సగం ఎందుకంటారా, పుట్టిన కొత్తలో అది ఇంకా జోరుగా తిరిగేది, అంత జోరులో శక్తి కూడా ఎక్కువ పోయేది, కాబట్టి అప్పట్లో పీరియడ్ ఇప్పటికన్నా త్వరత్వరగా పెరిగింది.

కానీ 1054 నుంచి 1990ల దాకా సుమారు 940 ఏళ్లే కదా! నాకు ఈ సబ్జెక్ట్‌లో బాగా నచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఈ తేడా కూడా మనకి ఒక విషయం చెప్తుంది. పుట్టినప్పుడు పీరియడ్ దాదాపు సున్నా అని మనం అనుకున్నాం, నిజానికి క్రాబ్ సుమారు 19 మిల్లీసెకన్లతో పుట్టిందని అంచనా. ఇంకోటి, స్పీడ్ తగ్గే తీరుని చెప్పే బ్రేకింగ్ ఇండెక్స్ 3 అనుకున్నాం, క్రాబ్‌కి కొలిస్తే వచ్చింది 2.5. ఈ రెండూ సరిచేస్తే దాదాపు 960 వస్తుంది, అసలు వయసుకి ఎంత దగ్గరో చూడండి.

అందుకే చివరి స్టెప్ అస్సలు వదలకూడదు, ఇంకో పద్ధతిలో క్రాస్‌చెక్ చెయ్యాలి. పేలుడు శిథిలం కనిపిస్తుంటే దాని మధ్య నుంచి పల్సార్ ఎంత దూరం జరిగిందో చూసి, ఏడాదికి ఎంత కదులుతోందో దాంతో భాగిస్తే చాలు. ఎస్147 అనే శిథిలంలో ఉన్న పల్సార్‌కి మామూలు లెక్క ప్రకారం 6 లక్షల ఏళ్లు పైనే, కదలికని బట్టి చూస్తే 30 నుంచి 40 వేల ఏళ్లే! అది పుట్టడమే నెమ్మదిగా తిరుగుతూ పుట్టింది, మనం దాన్ని ముసలిది అనుకున్నాం.

శిథిలం కనపడక, పాత రికార్డులూ లేకపోతే, వచ్చిన నంబర్ పక్కన క్యారెక్టరిస్టిక్ ఏజ్ (అంటే స్పీడ్ తగ్గే తీరుని బట్టి కట్టిన అంచనా) అని రాయండి, వయసు అని మాత్రం రాయొద్దు.