టీవీ ఇప్పుడే కొనాలా, ఆగాలా?

ముందు పాత టీవీ సంగతి తేల్చుకోండి. మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే గది చీకటి చేసి, తెర మీదకు టార్చి కొట్టి దగ్గరగా చూడండి. నీడలా బొమ్మ కదులుతుంటే పోయింది బ్యాక్‌లైటే, అంటే తెర వెనక వెలుగునిచ్చే ఎల్ఈడీ దీపాలే. బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల ఎల్ఈడీ పట్టీలు దొరుకుతాయి, మార్పించుకుంటే తీరిగ్గా కొత్తది ఎంచుకోవచ్చు. నిలువు గీతలు పడ్డాయంటే మాత్రం చాలాసార్లు ప్యానెలే, అంటే బొమ్మ చూపే తెరే పోయినట్టు. దానికి డబ్బు తగలేయకండి, కొత్త టీవీ ధరకు దగ్గరగా అవుతుంది.

రాబోయే టెక్నాలజీ కోసం ఆగడం అనవసరం. ఇప్పటి ఆర్‌జీబీ బ్యాక్‌లైట్ టీవీలు (వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న ఎల్ఈడీలు ఉండేవి) 2025లో మొదట 115, 116 అంగుళాల్లో వచ్చాయి. కొత్త రకాలు ఎక్కువగా ముందు పెద్ద సైజులో, పెద్ద ధరకే వస్తాయి. మీకు కావలసిన సైజులోకి, మీ బడ్జెట్‌లోకి దిగాకే వాటి గురించి ఆలోచించండి. ఆగితే ధర కోసం ఆగండి. కొత్త మోడళ్లను ఎక్కువగా జనవరిలో ప్రకటిస్తారు, అవి ఎండాకాలానికి షాపులకు చేరేసరికి కిందటేడు మోడల్ చౌకవుతుంది. దసరా, దీపావళికి ఇంకా తగ్గుతుంది, కానీ స్టాకు మిగలకపోవచ్చు. 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు ధరతో పోల్చి చూపే డిస్కౌంటును లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంట్లో రోజంతా తెలుగు న్యూస్ ఛానెల్ నడుస్తుంటే ఓఎల్ఈడీ (బ్యాక్‌లైట్ లేకుండా, పిక్సెల్ అనే ప్రతి చుక్కా తానే వెలిగే తెర) వద్దు. కదలని లోగో, కింది స్క్రోలింగ్ పట్టీ ఉన్నచోట పిక్సెళ్లు మిగతావాటికంటే త్వరగా అరిగి మచ్చ మిగులుతుంది. రాత్రిపూట సినిమాలకైతే ఓఎల్ఈడీని మించింది లేదు. కొంటే రిమోట్‌తోనే ఆపండి. గోడ స్విచ్ కట్టేసే అలవాటుంటే, ఆపాక స్టాండ్‌బైలో అది చేసుకోవాల్సిన పిక్సెల్ సర్దుబాటు జరగదు. వెలుతురు ఎక్కువగా పడే హాలుకు మినీ ఎల్ఈడీ (బ్యాక్‌లైట్‌లో చాలా చిన్న ఎల్ఈడీలు ఎక్కువగా ఉండే రకం) నయం.

డబ్బా మీద క్యూఎల్ఈడీ (రంగులు మెరుగుపరిచే పొర ఉన్న ఎల్ఈడీ టీవీ) అని రాసినంత మాత్రాన లోకల్ డిమ్మింగ్, అంటే బొమ్మ నల్లగా ఉన్నచోట మాత్రమే బ్యాక్‌లైట్ తగ్గించే ఏర్పాటు ఉన్నట్టు కాదు. నల్లటి తెర మీద చిన్న తెల్ల చుక్క ఉన్న వీడియోను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. షోరూములో డెమో మోడ్ (షాపులో బొమ్మ మెరుపుగా కనబడేలా పెట్టే సెట్టింగు) తీయించి, సినిమా మోడ్‌లో పెట్టించి చూడండి. తెరంతా బూడిదరంగుకు తిరిగితే డిమ్మింగ్ లేదు. తర్వాత నిండు బూడిదరంగు బొమ్మ పెట్టి మరకలు, చారలు వెతకండి, క్రికెట్ చూసేటప్పుడు పచ్చిక మీద కనబడేవి అవే. '120 మోషన్ రేట్' అన్న మాటకు లొంగకుండా ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) 60 హెర్ట్జా, 120 హెర్ట్జా అని అడిగి, బిల్లు మీద పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి.