కాలిఫోర్నియాలో పాత పికప్‌కి కొత్త తరం ఇంజన్: స్మాగ్ రిఫరీ ఆమోదం పొందే విధానం

కాలిఫోర్నియాలో మన ఇంటి గరాజ్‌లోనే పాత పికప్ ఇంజన్ దింపేసి, కొత్త తరం ఇంజన్ ఎక్కించుకోవచ్చా? ఎక్కించుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, 'ఆ రాష్ట్రంలో అలాంటివి కుదరవట' అని ఎవరో అన్నది నమ్మి, ఛాసీ గట్టిగా ఉన్న బండిని తుక్కు కింద అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది నిజంగా బాధ కలిగించే విషయం. మారిన ఇంజన్‌ని ప్రభుత్వం తరఫున స్మాగ్ చెక్ (బండి పొగ, కాలుష్య పరీక్ష) రిఫరీ ఒకసారి పరీక్షించి ఆమోదించాలి, అంతే. అయితే ఆ ఆమోదం వస్తుందా రాదా అన్నది, మీరు ఏ ఇంజన్ కొన్నారన్న దాంతోనే ముప్పాతిక వంతు తేలిపోతుంది. అందుకే ఆమోదం కోసం పని అనేది ఇంజన్ కొనకముందే మొదలవుతుంది.

ఈ వ్యవహారం చూసేది బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్. క్లుప్తంగా బార్ అంటారు. రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కింద పనిచేస్తుంది. మామూలు స్మాగ్ స్టేషన్లు తేల్చలేని కేసులన్నీ బార్ నియమించిన రిఫరీ దగ్గరికి వెళ్తాయి. ఇంజన్ మార్పిడి అందులో ఒకటి. రిఫరీ కేంద్రాలు చాలావరకు కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి.

ఎవరు వెళ్ళాలి, ఎవరికి అక్కర్లేదు

మీ పికప్ 1975 లేదా అంతకు ముందు మోడల్ పెట్రోల్ బండి అయితే దానికి స్మాగ్ పరీక్షే లేదు, కాబట్టి రిఫరీతో పని లేదు. 1976 నుంచి వచ్చిన పెట్రోల్ బండ్లకు ఈ తిప్పలు తప్పవు. ముప్పై అయిదేళ్ళు దాటిన, కలెక్టర్ బండిగా ఇన్సూరెన్స్ ఉన్న బండ్లకు మినహాయింపు ఇవ్వాలని 2025లో ఎస్‌బీ 712 అనే బిల్లు వచ్చింది కానీ, చట్టసభ కమిటీలోనే ఆగిపోయింది. ఆ మినహాయింపు వచ్చేసిందనుకుని పని మొదలుపెట్టకండి.

పాత ఇంజన్ పోతే అదే రకం ఇంజన్, అదే పరికరాలతో పెట్టడాన్ని ఇంజన్ మార్పిడి అనరు. 2.4 లీటర్ల 22ఆర్‌ఈ ఉన్న టొయోటా పికప్‌లో మళ్ళీ రీబిల్ట్ చేసిన 22ఆర్‌ఈ పెడితే మామూలు స్మాగ్ స్టేషన్‌కే వెళ్ళొచ్చు. వేరే రకం ఇంజన్ పెడితేనే రిఫరీ.

ఉదాహరణకి 1990 టొయోటా పికప్ తీసుకుందాం. అందులో వీ6 రకానికి 3 లీటర్ల 3వీజెడ్-ఈ ఇంజన్ ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్లు పోవడంలో దానికి పేరు ఉంది. దాని స్థానంలో 1995-2004 మధ్య టొయోటా టకోమా పికప్‌లలో వచ్చిన 3.4 లీటర్ల 5వీజెడ్-ఎఫ్ఈ పెట్టడం ఇక్కడ బాగా అలవాటైన పని. పాత గేర్‌బాక్స్‌ని దానికి తగిలించుకోవచ్చు, బలం కూడా 150 హార్స్‌పవర్ నుంచి 190కి పెరుగుతుంది. ఇంట్లో పని చేసుకునేవాళ్ళకి ఇంతకంటే నమ్మకమైన జోడీ తక్కువ అని నా అభిప్రాయం. కింద చెప్పేవన్నీ ఈ బండిని దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఇంజన్ కొనేముందు చూసుకోవాల్సినవి

కొత్త ఇంజన్ మీ పికప్ మోడల్ సంవత్సరానిదైనా అయి ఉండాలి, లేదా దానికంటే కొత్తదై ఉండాలి. 1990 బండికి 1998 ఇంజన్ సరే, 1988 ఇంజన్ కుదరదు. పొగ ప్రమాణాలు పాత ఇంజన్‌తో సమానంగా, లేదా ఇంకా కఠినంగా ఉండాలి. బండి తరగతి కూడా కలవాలి. లైట్ డ్యూటీ పికప్‌లో హెవీ డ్యూటీ ట్రక్కు ఇంజన్ పెట్టకూడదు, సైజు ఒకటే అయినా సరే. జనరేటర్లు, ఫోర్క్‌లిఫ్టుల్లాంటి వాటి పారిశ్రామిక ఇంజన్ల ఊసే వద్దు.

ఎక్కువమంది పడిపోయేది మాత్రం ఈ తర్వాతి నిబంధన దగ్గర. మీ పికప్ కాలిఫోర్నియా సర్టిఫికేషన్ ఉన్నదైతే, ఇంజన్ కూడా కాలిఫోర్నియా సర్టిఫికేషన్ ఉన్న బండిదే కావాలి. మిగతా 49 రాష్ట్రాలకోసం తయారైన ఫెడరల్ ఇంజన్ పనికిరాదు. చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి, కంప్యూటర్‌లో, సెన్సర్లలో, పొగని శుభ్రం చేసే కన్వర్టర్లలో తేడా ఉండొచ్చు. బయటి రాష్ట్రం నుంచి చవగ్గా వస్తుందని ఇంజన్ తెప్పించుకునేవాళ్ళకి తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

దీన్ని తెలుసుకోవడం కష్టం కాదు. జంక్‌యార్డ్‌లో ఆ టకోమా బానెట్ ఎత్తండి. బానెట్ లోపలి వైపునో, రేడియేటర్ పైన పట్టీ మీదనో ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద మోడల్ సంవత్సరం, ఇంజన్ సైజు, ఏయే కాలుష్య నియంత్రణ పరికరాలున్నాయో పొట్టి అక్షరాల్లో రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో కాలిఫోర్నియా నిబంధనలకు లోబడి ఉందా లేదా అన్న వాక్యం ఉంటుంది. దాని పక్కనే వాక్యూమ్ గొట్టాల బొమ్మ. మసి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, అక్షరాలన్నీ కనబడేలా ఫొటో తీయండి. డాష్‌బోర్డు మీది విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఫొటో కూడా తీయండి. రసీదు మీద ఆ విన్ రాయించుకోండి. స్టిక్కర్ లేని ఇంజన్‌ని నేనైతే సగం ధరకిచ్చినా కొనను.

కొనేటప్పుడు ఇంజన్ ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు. కంప్యూటర్, పూర్తి వైరింగ్ హార్నెస్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే కార్బన్ క్యానిస్టర్, దాని వాల్వులు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, స్కానర్ తగిలించే ఓబీడీ-2 ప్లగ్, చెక్ ఇంజన్ లైటు వైరు అన్నీ కావాలి. తాళంలో చిప్ ఉన్న బండి అయితే ఆ తాళం, దాని మాడ్యూల్ కూడా తెచ్చుకోవాలి. పాత బండిలో కంప్యూటర్ లేకపోయినా, కంప్యూటర్‌తో నడిచే ఇంజన్ పెడితే ఆ వ్యవస్థ మొత్తం పనిచేసే స్థితిలో ఉండాలన్నది నియమం. ఆటోమేటిక్ బండి కంప్యూటర్ తెచ్చి మాన్యువల్ గేర్‌బాక్స్‌కి పెడితే అది లేని గేర్‌బాక్స్‌ కోసం వెతుక్కుంటూ లైటు వేస్తూనే ఉంటుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం పాతది కొనకండి. వాడిన కన్వర్టర్లు అమ్మడం, బిగించడం కాలిఫోర్నియాలో నిషిద్ధం. రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ (ఆమోదం నంబర్) చెక్కి ఉన్న కొత్త కన్వర్టర్, అదీ ఆ ఇంజన్ సంవత్సరానికి సరిపోయేది కొనాలి. క్యామ్, ఇన్‌టేక్, హెడర్ లాంటివి మార్చాలనుకున్నా ఇదే సూత్రం. ఆర్డర్ నంబర్ లేని భాగం ఒక్కటి కనబడినా రిఫరీ ఒప్పుకోరు.

ఇంత వెతుకులాట వద్దనుకునేవాళ్ళకి, 1995 వరకు వచ్చిన బండ్లకోసం జనరల్ మోటార్స్ 'ఈ-రాడ్' పేరుతో వీ8 ఇంజన్లని కంప్యూటర్, కన్వర్టర్లు, క్యానిస్టర్‌తో సహా ఒకే ప్యాకేజీగా, బోర్డు ఆమోదంతో అమ్మింది. ఖరీదు ఎక్కువే. షెవీ పికప్ ఉన్నవాళ్ళకి మాత్రం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి ఫోన్

ఇప్పుడు, డబ్బు చెల్లించకముందే, రిఫరీ కార్యాలయానికి ఫోన్ చేయండి: 800-622-7733. 'ఆస్క్ ద రెఫ్' వెబ్‌సైట్ నుంచి కూడా సంప్రదించవచ్చు. బండి సంవత్సరం, మోడల్, ఏ ఇంజన్ పెట్టాలనుకుంటున్నారో, అది ఏ సంవత్సరం ఏ బండిలోనిదో, గేర్‌బాక్స్ ఏ రకమో సిద్ధంగా పెట్టుకుని అడగండి. వీళ్ళంటే పోలీసుల్లా భయపడతారు కొందరు. అనవసరం. మీరు అడిగేకొద్దీ వివరంగా చెప్తారు. ఏ పరికరాలు కావాలో అడిగి రాసుకోండి, ఎవరితో ఏ తేదీన మాట్లాడారో కూడా పక్కనే రాసుకోండి.

బండి విప్పేముందు ఇంకో రెండు పనులు

పికప్ నెలలకొద్దీ విప్పి ఉంటుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ గడువు వస్తే డీఎంవీలో (రాష్ట్ర మోటారు వాహనాల శాఖలో) 'ప్లాన్డ్ నాన్ ఆపరేషన్' నమోదు చేయించండి. అంటే ఈ బండి రోడ్డెక్కదు అని ముందుగా చెప్పడం. ఆ తర్వాత దాన్ని వీధిలో నిలిపి ఉంచినా తప్పే, గరాజ్‌లోనో సొంత స్థలంలోనో ఉండాలి. రోడ్డు మీద తిప్పాలనుకుంటే మాత్రం, స్మాగ్ సర్టిఫికెట్ ఇంకా రాకపోయినా ఫీజు గడువులోగా కట్టేయండి, ఆలస్య రుసుము పడదు.

రెండోది ఇరుగుపొరుగు. ఇళ్ళ మధ్య ఇంజన్ దించే పని మీద కొన్ని కౌంటీల్లో ఆంక్షలున్నాయి. శాక్రమెంటో కౌంటీ ఇందులో బాగా కఠినం. హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో డ్రైవ్‌వేలో ఇంజన్ హాయిస్ట్ కనబడితే ఉత్తరం వచ్చేస్తుంది. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండేది అలాంటి కాలనీల్లోనే కాబట్టి, ముందే నిబంధనలు చదివి, తలుపు మూసిన గరాజ్‌లో పని పెట్టుకోవడం మంచిది. ఏసీ గ్యాస్‌ని గాల్లోకి వదలడం ఫెడరల్ నేరం, దాన్ని లైసెన్స్ ఉన్న షాపులో తీయించాలి. పాత ఆయిల్‌ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న సేకరణ కేంద్రాలు తీసుకుంటాయి.

అపాయింట్‌మెంట్‌కి ముందు

ఇంజన్ స్టార్ట్ అయిందని వెంటనే పరుగెత్తకండి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా కంప్యూటర్ తన స్వీయ పరీక్షల ఫలితాలు చెరిపేస్తుంది. వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. మామూలు స్మాగ్ పరీక్షలో 1996-1999 పెట్రోల్ బండ్లకి ఒక మానిటర్ పూర్తి కాకపోయినా ఒప్పుకుంటారు, 2000 నుంచి వచ్చిన వాటికి ఆవిరి వ్యవస్థ (పెట్రోల్ ఆవిరి గాల్లో కలవకుండా పట్టే వ్యవస్థ) మానిటర్ ఒక్కటే మిగిలి ఉండొచ్చు. రిఫరీ దగ్గరికి వెళ్ళేటప్పుడు అన్నీ పూర్తయి ఉండటమే క్షేమం. చవకైన స్కానర్‌తో ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఆవిరి వ్యవస్థ దగ్గర పాత పికప్‌లు మొండికేస్తాయి. కొత్త ఇంజన్ కంప్యూటర్‌లలో చాలావాటికి పెట్రోల్ ట్యాంకులో ఆవిరి పీడనం కొలిచే సెన్సర్ కావాలి. 1990 నాటి ట్యాంకుకి అది ఉండదు. ఆ సెన్సర్‌ని, గొట్టాలని కూడా ఇంజన్ ఇచ్చిన దాత బండి నుంచే తెచ్చి అమర్చుకోవాలి. ఇక్కడే సహనం పరీక్షకి వస్తుంది, కానీ ఒకసారి అమరితే మళ్ళీ సమస్య రాదు.

రిజిస్ట్రేషన్ లేని బండిని పరీక్షకి తీసుకెళ్ళడానికి డీఎంవీ ఒక్క రోజు చెల్లే మూవింగ్ పర్మిట్ ఇస్తుంది. అపాయింట్‌మెంట్ తేదీ ఖాయమయ్యాకే దాన్ని తీసుకోండి. తేదీ వెంటనే దొరక్కపోవచ్చు, కాబట్టి పని ఒక కొలిక్కి వస్తుండగానే ఫోన్ చేయండి.

పరీక్ష రోజు

రిజిస్ట్రేషన్ కాగితం, పాత స్మాగ్ రిపోర్టు, డీఎంవీ ఉత్తరం ఏదైనా వచ్చి ఉంటే అది, ఇంజన్ రసీదు, స్టిక్కర్ ఫొటో ప్రింటు, కన్వర్టర్ రసీదు ఒక ఫైల్లో పెట్టుకు వెళ్ళండి.

రిఫరీ టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని ఒక్కో గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో స్టిక్కర్ మీది బొమ్మతో పోల్చి చూస్తారు. కన్వర్టర్ మీద చెక్కిన నంబర్ చదువుతారు. చెక్ ఇంజన్ లైటు తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోయినా ఫెయిలే. కాబట్టి వైరింగ్ చక్కగా కట్టి, కన్వర్టర్ నంబర్ కిందనుంచి కనబడేలా తిప్పి బిగిస్తే వాళ్ళకీ మీకూ పని సులువు. ఆ తర్వాత కంప్యూటర్ స్కాన్, పొగ పరీక్ష బండిని బట్టి ఉంటాయి.

ఏదైనా లోటు ఉంటే ఏం సరిచేయాలో చెప్తారు. సరిచేసి మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకోవడమే. అన్నీ సరిపోతే బండికి బార్ లేబుల్ అతికిస్తారు. ఇప్పుడు ఈ బండిలో ఉన్న ఇంజన్ ఏది, దానికి ఏ పరికరాలుండాలి అన్నది అందులో ఉంటుంది. సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే డీఎంవీకి చేరుతుంది, సర్టిఫికెట్ రుసుము 8 డాలర్ల 25 సెంట్లు.

ఇకమీదట రెండేళ్ళకోసారి వచ్చే స్మాగ్ పరీక్షకి మామూలు స్మాగ్ స్టేషన్‌కే వెళ్ళొచ్చు. టెక్నీషియన్‌కి ముందుగా లేబుల్ చూపించండి, లేకపోతే పాత ఇంజన్ లెక్కన చూసి గందరగోళపడతారు. పెయింట్ వేయించేటప్పుడు లేబుల్ మీద టేపు వేయించండి. డీజిల్ బండిని పెట్రోల్‌కి మార్చి ఉంటే డీఎంవీ రికార్డులో ఇంధనం కూడా మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఇంజన్ మార్పు చెప్పండి.

ఇండియాలో ఉన్న బండికి

ఇది చదివి ఊళ్ళో ఉన్న పాత జీపుకో పికప్‌కో ఇలా చేద్దామనుకునేవాళ్ళు ఆగాలి. అక్కడ వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బండి ఉంటే స్పానర్ పట్టుకోకముందే ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.