డిగ్రీ షో ముందు మట్టి మొండికేస్తే: సమస్య - పరిష్కారం

డిగ్రీ షో (కోర్సు చివర విద్యార్థులు తమ పనులు పెట్టే ప్రదర్శన) దగ్గర పడ్డాక కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే బట్టీ) తెరిచి తల పట్టుకునేవాళ్లు ముందు తిట్టేది కిల్న్‌నే. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. పొరపాటు మట్టి ఆరేటప్పుడో, గ్లేజ్ (కాలాక గాజులా మారే పూత) కలిపేటప్పుడో జరిగిపోయి ఉంటుంది. అందుకే ఏ లోపం కనిపించినా ఒక దశ వెనక్కి వెళ్లి వెతకండి.

ఆరుతుండగానే అంచు పగులుతోంది, పళ్లెం వంకర పోతోంది

మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ పెద్దగా ఉండదు. పల్చటి అంచు మధ్యాహ్నానికే ఎండిపోతుంది, మందపాటి అడుగు మాత్రం పచ్చిగానే ఉంటుంది. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే) మట్టి ఆరి, కాలేసరికి సుమారు 10 నుంచి 13 శాతం కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకోవడం ఒకచోట ముందు, మరోచోట తర్వాత జరిగితే పగలక ఏం చేస్తుంది? పైగా స్టూడియోలో కూలర్ ఒకటి. మనకు హాయి, కుండకు గండం. గాలి తగిలిన వైపు ముందు ఆరి, వస్తువునంతా అటు లాగేస్తుంది.

చేసిన వెంటనే పైన పాలిథిన్ వదులుగా కప్పండి. అంచు మరీ పల్చగా ఉంటే దాని చుట్టూ పాలిథిన్ పట్టీ చుట్టండి. లెదర్ హార్డ్‌కి (తోలులా గట్టిపడి, లోపల ఇంకా తడి ఉన్న దశకి) రాగానే తలకిందులు చేస్తే అడుగుకూ గాలి తగులుతుంది. పళ్లేలు, టైల్స్ అయితే రెండు జిప్సం బోర్డుల మధ్య ఆరనివ్వండి. షో తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, పెద్ద వస్తువులన్నీ ముందే చేసేయండి. చివరి వారానికి చిన్నవే మిగలాలి.

అడుగున పగులు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వస్తే అది ఎండ వల్ల కాదు. సారె మీద అడుగును సరిగ్గా అదమలేదన్నమాట. అంచు నుంచి మధ్యకు రిబ్‌తో (చదును చేసే చిన్న పలకతో) గట్టిగా నొక్కండి.

బిస్క్‌లో పేలిపోయింది

బిస్క్ అంటే గ్లేజ్ వేయకముందు మొదటిసారి కాల్చడం. లోపల తడి మిగిలింది, అది ఆవిరై బయటికి తన్నింది. వానలు మొదలయ్యాక ఇది ఎక్కువ. వస్తువును చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. మందమైనవాటిని 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలిపి, తర్వాతే వేడి పెంచండి.

బిస్క్ బాగానే వచ్చింది, వారం తర్వాత పెచ్చులు లేచాయి

పెచ్చు ఊడినచోట తెల్లటి చుక్క ఉందా? చెరువు మట్టిలో సున్నపు రాయి ముక్కలు ఉండిపోయాయి. అవి కాలి సున్నమై, గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతాయి. మట్టిని పలచగా కలిపి 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలున్న) జల్లెడలో వడకట్టడమే మార్గం. ఇప్పటికే కాలినవాటిని షోకి పెట్టకండి.

కిల్న్ చివరి వంద డిగ్రీలు ఎక్కడం లేదు

ముందు వోల్టేజీ చూడండి. కరెంటు కిల్న్‌లో ఎలిమెంట్ (వేడెక్కే తీగ) ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది. 230 నుంచి 200కు పడితే దాదాపు పావు వంతు వేడి పోయినట్టే. మీ వీధిలో ఏసీలన్నీ నడిచే వేళలో 1220 డిగ్రీలు అందుకోవడం కష్టం. చివరి ఘట్టం తెల్లవారుజామున పడేలా ఫైరింగ్ మొదలుపెట్టండి. వోల్టేజీ బాగానే ఉన్నా ఎక్కకపోతే ఎలిమెంట్లు పాతబడ్డాయి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వేడి చూపే మీటర్ అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు, ప్రతి అరలో కోన్ (తగినంత వేడి అందగానే వంగే చిన్న మట్టి కడ్డీ) పెట్టండి.

గ్లేజ్ మీద సన్నటి గీతలు

చల్లారేటప్పుడు మట్టికంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుపోతోంది. సిలికా కొద్దికొద్దిగా పెంచుతూ టెస్ట్ టైల్స్ కాల్చండి. గోడకు వేలాడే పనికైతే ఆ గీతలు అందమే, కప్పుకు మాత్రం ఒప్పుకోను. గ్లేజ్ అక్కడక్కడా ముడుచుకుపోయి మట్టి కనిపిస్తే బిస్క్ మీద దుమ్మో, చేతి జిడ్డో ఉన్నట్టు. తడి స్పాంజితో తుడిచి గ్లేజ్ వేయండి.

గ్యాలరీలో అన్నీ ఉన్నా ఏదీ కనిపించడం లేదు

చేసినవన్నీ పెట్టేశారు. సగం తీసేయండి. టెన్షన్‌లో ఎవరి మాటా వినబుద్ధి కాదు, కాబట్టి పని చూడని ఫ్రెండ్‌కి ఆ బాధ్యత ఇవ్వండి. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి, నడుస్తున్న షోలో వస్తువుల మధ్య ఎంత ఖాళీ వదిలారో చూడండి. గోడకు తగిలించేవాటికి రంధ్రాలు పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాలి. 6 మిల్లీమీటర్ల రంధ్రం కాలాక 5.3కి దిగుతుంది, స్క్రూ దాని ప్రకారం కొనండి.

షో అయిపోయింది, నెలలు గడిచినా మట్టి ముట్టలేదు

బద్ధకం అనుకుంటారు గానీ అసలు కారణం వేరు. కిల్న్, గ్లేజ్ బకెట్లు, త్రాసు అన్నీ కాలేజీవే. బయటికొచ్చే ముందే గ్లేజ్ కొలతలు, ముడి సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఫైరింగ్ వివరాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వెంటనే కిల్న్ కొనకండి. అద్దె ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్‌కి ఓనర్ ఒప్పుకోవాలి, లోడ్ పెంచుకోవాలి. మొదట్లో కిల్న్‌లో ఒక్కో అరకి ఇంత అని డబ్బు ఇచ్చి వేరేవాళ్ల కిల్న్‌లో కాల్పించుకోండి. గదిని చీపురుతో ఊడ్వకండి, తడి గుడ్డతో తుడవండి. మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదం.

అన్నీ అమ్ముడుపోయినా చేతిలో డబ్బు మిగలకపోతే, మీరు మట్టి, గ్లేజ్ ఖర్చే లెక్కేశారు. పది పెడితే ఏడే బాగా వస్తున్నాయంటే, ఆ ఏడింటి ధరలో పది ఖర్చూ ఉండాలి. గ్యాలరీ కమిషన్ ఎంతో ముందే రాయించుకోండి, ఇంటి దగ్గర అమ్మినా అదే ధర పెట్టండి.