క్లోన్ సెంటు కొనే ముందు రెండు చేతుల మీదా చూడండి

క్రీడ్ కంపెనీ సెంటు అవెంటస్ 2010లో వచ్చింది, 100 మిల్లీ సీసా పాతిక వేలు దాటుతుంది. దాని వాసనని పోలి ఉండే చవక సెంటు, అంటే క్లోన్, 2015లో వచ్చిన అర్మాఫ్ క్లబ్ డి నుయి ఇంటెన్స్ మ్యాన్ రెండు మూడు వేలకే దొరుకుతుంది. తేడా ఎంతో మీ చర్మం మీదే తేల్చుకోండి.

స్నానం చేశాక పౌడర్ రాయకుండా ఒక మణికట్టు మీద అసలుది, రెండో దాని మీద క్లోన్ ఒక్కో స్ప్రే కొట్టండి, రుద్దొద్దు. మొదటి పది నిమిషాల్లోనే తీర్పు చెప్పేయకండి, ఎందుకంటే క్లోన్ దొరికిపోయేది అక్కడే: అవెంటస్‌లో అనాసపండు వాసన మెత్తగా వస్తే, అర్మాఫ్‌లో నిమ్మ ఘాటుగా ముక్కుకి కొడుతుంది. అరగంటకి, నాలుగు గంటలకి, రాత్రికి మళ్లీ చూడండి. ఆరాక రెండూ బాగా దగ్గరవుతాయి, నిలవడంలో నాకైతే క్లోనే మెరుగు.

మన హైదరాబాద్ మే ఎండకి నిమ్మలాంటి తేలిక వాసనలు ఇట్టే ఎగిరిపోతాయి కాబట్టి, ఏసీ మాల్‌లో కాగితం ముక్క మీద చూసి డబ్బు కట్టేయకండి, ముందు 5 మిల్లీ శాంపిల్ తీసుకుని మెట్రోలో, ఆఫీసులో రెండ్రోజులు వాడండి.

చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలోనూ చేతికి రాసి చూపిస్తారు, కానీ అది ఆల్కహాల్ లేని నూనె, ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది, దాన్ని స్ప్రేతో పోల్చొద్దు.