జేబు చాకు మొరాయిస్తే నూనె కాదు, ముందు నీళ్లు

"రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒక్క చాకు చాలు, ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లలో చాలామంది దగ్గర ఇప్పటికే ఒకటి ఉంటుంది. అది బిగుసుకుపోయిందనో, పదును నిలవట్లేదనో, మచ్చలు పడ్డాయనో సొరుగులో పడేసి కొత్తదాని కోసం వెతుకుతుంటారు. విశాఖలో అలా సొరుగు చేరిన చాకుల్లో ఎక్కువ వాటికి లోపమేమీ ఉండదు. వాటి కడుపులో ఉప్పు ఉంటుంది, అంతే. ఆ సంగతి తెలియకుండా ఎంత ఖరీదైనది కొన్నా ఒక వానాకాలం గడిచేసరికి దానికీ అదే గతి పడుతుంది. అందుకని ముందు చేతిలో ఉన్నదాని సంగతి తేల్చుకోండి. మడత చాకు తెరవడం, మూయడం, సానరాయి మీద పదును పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాదాపు ఎవరూ చేయరు. చాకు తెరిచి, బ్లేడు మడిచినప్పుడు దిగే గాడిలోకి ఫోన్ టార్చి వేసి చూడండి. అర నిమిషం పట్టదు. జేబులోని నూలు పీచు, ఇసుక రేణువులు, నల్లటి జిగురు, కీలు మూలల్లో నారింజ రంగు పొడి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్క్రూలు తిప్పకండి, నూనె డబ్బా తీయకండి. కింద చెప్పిన కడుగుడు అయ్యాకే మిగతావి.

బ్లేడు బిగుసుకుపోయింది. నూనె వేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ పట్టేస్తోంది

ఈ "రెండు రోజులు బాగుంటుంది" అన్న మాట వినగానే ఉప్పు అని తేల్చేయొచ్చు. కీలు వంగినా, వాషరు అరిగినా నూనెతో అంత తేడా రాదు, వచ్చినా అంత త్వరగా పోదు.

ఆవకాయ కలిపిన రోజు జాడీలోకి చూడండి. నూనె ఎంత పోసినా ఉప్పు పలుకులు అలాగే ఉంటాయి. ముక్కలో ఊట దిగాకే, మూడో రోజు తిరగ కలిపేటప్పటికే అది కరుగుతుంది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. చాకు కీలులోనూ జరిగేది ఇదే. పైన నూనె పోస్తే కాసేపు జారుతుంది, కింద ఉప్పు చెక్కుచెదరదు. పైగా నూనె జిగురుకి జేబులోని పీచూ దుమ్మూ అంటుకుని ఆ ఉప్పును అక్కడే పట్టి ఉంచుతాయి. డబ్బాలో దొరికే స్ప్రేలు కూడా అంతే. నీటిని పక్కకు తోస్తాయి, ఉప్పును కరిగించవు.

ఆ ఉప్పు ఊరికే కూర్చోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీళ్లు లాక్కుని చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా ముద్దకట్టడం అందుకే. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమే చాలు, విశాఖలో గాలి అంతకంటే పొడిబారే రోజులు అరుదు. అంటే మీ చాకు ఎప్పుడూ తడవకపోయినా దాని కీలు మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఉప్పునీళ్లలో నానుతున్నట్టే లెక్క.

"నాది స్టెయిన్‌లెస్ కదా" అంటారు. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది దాని మీద ఏర్పడే కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు చిల్లులు పెడుతుంది. గాలి ఆడే చోట పొర మళ్లీ అల్లుకుంటుంది. గాలి ఆడని ఇరుకు సందులో అల్లుకోలేదు. అందుకే బ్లేడు బయటి భాగం అద్దంలా మెరుస్తున్నా వాషరు కింద, లాక్ వెనక తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఇరుకు ఇంకా ఇరుకవుతుంది, బ్లేడు పట్టేస్తుంది.

బీచికే వెళ్లనివాళ్ల చాకులోకి ఉప్పు ఎలా వస్తుందంటారా? మొదటి దారి చెమట. మే నెలలో ప్యాంటు జేబులో పొద్దంతా ఉన్న చాకు ఉప్పునీళ్లలో ఊరినట్టే. రెండోది, స్కూటర్ ముందు అరలోనో, సముద్రం వైపు తెరుచుకునే కిటికీ గట్టు మీదో వదిలేయడం. ఆ కిటికీ ఇనుప ఊచల్ని ఒకసారి చూస్తే గాలిలో ఏముందో తెలుస్తుంది. మూడోది ఎవరూ అనుమానించనిది: ఆర్కే బీచిలో మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూ కారం అద్దుకుని, బ్లేడు రుమాలుతో తుడిచి మడిచేయడం. బ్లేడు మొదట్లో, పిడిని ఆనుకుని ఉన్న చోట నిలిచిన పులుపు రసం మడవగానే గాడిలోకి దిగుతుంది. ఉప్పుకి పులుపు తోడైతే ఇక చెప్పేదేముంది.

కడిగే పద్ధతి ఇది. లోహపు పిడి, ప్లాస్టిక్ పిడి ఉన్నవాటికే. చెక్క, కొమ్ము పిడి ఉన్నవాటిని నానబెట్టొద్దు.

చెయ్యి పట్టగలిగేంత వేడి నీళ్లు అర లీటరు గిన్నెలో తీసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి. చాకు తెరిచి 15 నిమిషాలు ముంచి ఉంచండి. తర్వాత నీళ్లలోనే ఉంచి 30 సార్లు తెరిచి మూయండి. ఇక్కడ తొందరపడితే వేలు తెగుతుంది. సబ్బు నీళ్లలో పిడి జారుతుంది కాబట్టి బ్లేడు వీపు వైపు పట్టుకునే ఆడించండి. నీళ్లు మురికిగా మారతాయి, ఒక్కోసారి టీ రంగుకి వస్తాయి. పారబోసి పాత టూత్‌బ్రష్‌తో గాడి, లాక్ మొన, స్క్రూ తలల చుట్టూ తోమండి. సబ్బు లేని కొత్త నీళ్లు పోసి మళ్లీ ఆడించండి. నీళ్లు తేటగా వచ్చేదాకా, కనీసం మూడు మార్లు మార్చాలి.

చివరి మారు నీళ్ల దగ్గరే చాలామంది చేసిందంతా పాడు చేసుకుంటారు. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో ముగిస్తే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టవుతుంది. ఆఖరి రెండు మార్లు తాగే ఆర్వో నీళ్లే వాడండి. ఒక గ్లాసు చాలు. మీ నీళ్ల సంగతి తెలియకపోతే స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. తెల్లటి వలయం మిగిలితే ఆ నీళ్లు చివరి కడుగుడికి పనికిరావు.

తర్వాత గట్టిగా విదిలించి, కీలులో నాలుగైదు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఆడించండి. మందుల షాపులో దొరుకుతుంది. సందుల్లో మిగిలిన నీటిని తనతో కలుపుకుని ఆవిరైపోతుంది. దగ్గర్లో దీపం, స్టవ్ లేకుండా చూసుకోండి. తెరిచిన చాకును పిల్లలకు అందని చోట ఫ్యాను కింద రాత్రంతా ఉంచండి. ఎండలో పెట్టాల్సిన పని లేదు.

నూనె తెల్లారాకే. కీలుకి రెండు వైపులా కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క, ఇరవై సార్లు ఆడించి, బయటికి వచ్చింది తుడిచేయడం, అంతే. కొబ్బరి నూనె వద్దు. అది 24 డిగ్రీల కంటే దిగువన గడ్డకడుతుంది, జనవరి తెల్లవారుజామున చాకు ఎందుకు మొరాయిస్తోందో తెలియక మళ్లీ తల పట్టుకుంటారు. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కొన్నాళ్లకి బంకలా ముదురుతాయి. పళ్లు కోసే చాకైతే బ్లేడుకి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రాయండి. విరేచనాల సిరప్‌గా అమ్మే వాటిలో మెగ్నీషియా కలిసి ఉంటుంది, అది కాకుండా ఉత్త లిక్విడ్ పారాఫిన్ అని అడిగి తీసుకోండి.

వారం తర్వాత కూడా తేలిగ్గా తెరుచుకుంటే రోగం కుదిరినట్టే. ఒకసారి కడిగాక కూడా పట్టేస్తే ఇంకోసారి అదే పద్ధతిలో కడగండి. ముదిరిన ఉప్పు ఒక్క మారులో రాదు. రెండోసారీ లాభం లేకపోతేనే విప్పాలి. విప్పేటప్పుడు ఏ వాషరు ఏ వైపు ఉందో ప్రతి దశలో ఫోటో తీసుకోండి. ఎక్కువ చాకుల స్క్రూలకి టి6 లేదా టి8 నక్షత్రపు బిట్టు సరిపోతుంది. సరిపోని బిట్టుతో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, అప్పుడిక రిపేరుకే లొంగదు. విప్పితే వారంటీ పోయే కంపెనీలున్నాయి, ముందే చూసుకోండి.

వాడకుండానే పదును పోతోంది

ఇది కూడా చాలాసార్లు ఉప్పే. పదునైన అంచు చివర ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. తుప్పు కంటికి కనిపించేలోపే ఆ చివరను తినేస్తుంది. కానీ ఇంకో కారణమూ ఉంది, రెండిటినీ విడదీయాలి. పదును పెట్టిన వెంటనే దినపత్రిక కాగితం కోసి చూడండి. సాఫీగా తెగితే చాకు మూసి మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచి, మళ్లీ కోయండి. అప్పటికే కాగితం చిరుగుతుంటే ఉప్పు. అలా కాక మూడో రోజూ బాగానే తెగి, రెండు అట్టపెట్టెలు కోయగానే మొండిబారితే మీరు అంచు మీద సన్నని రేకు వదిలేశారు. సాన పట్టేటప్పుడు అవతలి వైపుకి ఒరిగి నిలిచే ఆ రేకే మొదట పదునులా అనిపిస్తుంది, కాస్త పని పడగానే వాలిపోతుంది. బ్లేడు వీపు నుంచి అంచు బయటికి బొటనవేలు తేలిగ్గా జరిపితే గోటికి తగులుతుంది. ఆ రేకు పోవడానికి సానరాయి మీద వైపు మార్చి వైపు ఒక్కొక్క తోపు, చాకు సొంత బరువు తప్ప ఒత్తిడి లేకుండా పది పన్నెండు సార్లు తోయండి. ఆ తర్వాత తోలు బెల్టు లోపలి వైపు మీద అంచు వెనక్కి ఉండేలా వైపుకి పదిసార్లు లాగండి. ఉక్కు మంచిది కాదనే నిర్ణయానికి ఇది చేశాకే రండి.

బ్లేడు ఊగుతోంది, లాక్ జారుతోంది

బిగుసుకున్న చాకు స్క్రూ వదులు చేసినవాళ్లకి వచ్చే తర్వాతి ఫిర్యాదు ఇదే. కడిగి ఆరాక స్క్రూని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ, ఒక్కో బిగింపుకీ ఆడించి చూడండి. నిలవకపోతే నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, అగ్గిపుల్ల మొనతో మర మీద చుక్కంత పెట్టండి. ఎరుపుది వద్దు, మళ్లీ విప్పడం చాలా కష్టం.

లాక్ మొన మీద జిడ్డున్నా జారుతుంది. ఆల్కహాల్‌తో తుడిచి, తెరిచిన బ్లేడు వీపుని బల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా నొక్కండి. మీ వేళ్లు బ్లేడు మడిచే దారిలో ఉండకూడదు, కొట్టి చూడటం అసలే వద్దు. శుభ్రం చేశాక కూడా నొక్కితే మూసుకుంటున్న చాకుని వాడకండి. ఈ ఒక్క విషయంలో రాజీ లేదు.

చెక్క పిడి చాకు వానాకాలంలో తెరుచుకోదు

చెక్క తేమకి ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది. ఒపినెల్ బ్రాండు చాకుల్లాంటి వాటిలో ఇది మామూలే. పిడి తోక భాగాన్ని చెక్క బల్ల అంచుకి తట్టితే బ్లేడు మొన కొద్దిగా బయటికి వస్తుంది, గోటితో లాగొచ్చు. పొడి చోట రెండు రోజులు ఆరనిచ్చి, గాడి లోపలికి అవిసె నూనె రాయండి.

స్ప్రింగు విరగడం, కీలు వంగడం, ఉక్కుని కాల్చి గట్టిపరచడం సరిగ్గా కుదరకపోవడం, ఇవి చాలా అరుదు. స్ప్రింగు విరిగితే కంపెనీకి పంపండి, మిగతా రెండిటి గురించి ఆలోచన అనవసరం.

ఇన్ని చేశాకా కొత్తది కొనాల్సిందే అయితే

బ్లేడు 6.5 నుంచి 8 సెంటీమీటర్లు, మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, బరువు 100 గ్రాముల లోపు. అంతకంటే బరువైనది నెల తిరక్కుండానే ఇంట్లో ఉండిపోతుంది. డి2 ఉక్కు పదును బాగా నిలుపుతుందని చెప్పి అమ్ముతారు, నిజమే. కానీ అందులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా చాలా భాగం కార్బన్‌తో కట్టుబడిపోతుంది, కాపలాకి మిగిలేది తక్కువ. ఈ గాలిలో దానికి మచ్చలు తప్పవు. విశాఖలో ఉండేవాళ్లు కార్బన్ తక్కువగా ఉన్న స్టెయిన్‌లెస్ తీసుకుని, నెలకోసారి పదును పెట్టుకోవడమే మేలు. పిడి వెనక భాగం మూసి ఉన్నదాని కంటే తెరిచి ఉన్నది, బేరింగుల కంటే వాషర్లు ఉన్నది ఎంచుకోండి. నీళ్లు ఇటు నుంచి అటు పోతాయి, ఇసుక నిలవదు. లాక్ అక్కర్లేదనుకుంటే విక్టోరినాక్స్ కంపెనీ అల్యూమినియం పిడి రకాల్లో మడిచినప్పుడు 84 లేదా 93 మిల్లీమీటర్ల పొడవుండేది చాలు. రివెట్లతో బిగించినది కాబట్టి విప్పలేరు, కానీ పైన చెప్పిన కడుగుడుకి చక్కగా లొంగుతుంది.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి వద్దు, పోలీసులకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆయుధాల చట్టం, 1959 కింద నియమాల్లో ఇంటి పనికీ సాగుకీ కానివై, 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడులు ఆయుధాల కిందికి వస్తాయి. జేబు చాకు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. విమానం ఎక్కేటప్పుడు మాత్రం చేతి సంచిలో ఉంచుకోకూడదు, చెక్-ఇన్ సామానులో వేయాలి.

బీచిలో మామిడికాయ కోశాక మడిచే ముందు తాగే సీసాలోంచి రెండు గుక్కల నీళ్లు గాడిలో పోసి విదిలించండి. ఇంటికి రాగానే ప్యాంటు జేబులోంచి తీసి మళ్లీ ఒకసారి కడిగి ఆరబెట్టండి. తోలు సంచీలో మాత్రం దాచకండి. తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసిన స్టీలు డబ్బా సరిపోతుంది.