దుబాయ్ మరీనాలో యాట్ రైడ్ ఎలా ఎంచుకోవాలి?

దుబాయ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే, యాట్ ఎక్కించాలన్న మాట తప్పకుండా వస్తుంది. ఫోన్‌లో వెతికితే అన్నీ తెల్లటి పడవలే, అన్నిటిలోనూ అవే సోఫాలు. అవి చూసి బుక్ చేయకండి. ముందు ఒక్కటి అడగండి: పడవ ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది?

మరీనా అంటే నేల తవ్వి సముద్రపు నీళ్లు రప్పించిన సుమారు 3 కిలోమీటర్ల కాలువ. అందులో పడవలు నెమ్మదిగానే నడవాలి. అందుకే గంట రైడ్‌లో మరీనా టవర్లు, పక్కనే ఉన్న జేబీఆర్ (జుమేరా బీచ్ రెసిడెన్స్) బీచ్, 250 మీటర్ల ఐన్ దుబాయ్ జెయింట్ వీల్ చూసేసరికి టైమ్ అయిపోతుంది. అట్లాంటిస్ హోటల్, తాటిచెట్టు ఆకారంలో కట్టిన కృత్రిమ దీవి పామ్ జుమేరా చివర్న ఉంది, దానికి రెండు గంటలు పెట్టుకోండి. తెరచాప ఆకారంలో ఉండే బుర్జ్ అల్ అరబ్ హోటల్ పామ్‌కు అవతలి వైపు కాబట్టి మూడు గంటలైనా కావాలి. గంట రైడ్ ప్రకటనలో దాని ఫొటో కనిపిస్తే, రూట్ ఏమిటో వాట్సాప్‌లో రాయించుకోండి.

తర్వాత వేళ చూసుకోవాలి. ఇక్కడ సముద్రం నగరానికి వాయవ్యాన ఉంది. పొద్దున వెళ్తే సూర్యుడు టవర్ల వెనకే ఉంటాడు, ఫొటోల్లో అవి నల్లగా పడతాయి. సాయంత్రం ఎండ నేరుగా తగిలి అద్దాలన్నీ బంగారంలా మెరుస్తాయి. పొద్దుగూకేది డిసెంబర్‌లో దాదాపు 5:30కి, జూన్‌లో 7:10కి. దానికి గంట ముందు బయల్దేరే పడవకే నా ఓటు. తిరిగొచ్చేసరికి దీపాలూ వెలుగుతాయి. వేసవిలో మాత్రం ఏసీ క్యాబిన్ లేని పడవలో పెద్దవాళ్లను ఎక్కించకండి.

ఇద్దరు ముగ్గురికి షేరింగ్ యాట్‌లో సీట్లు చాలు. పదిమంది దాకా ఉంటే మొత్తం పడవ మాట్లాడుకుని తలా ఎంత పడుతుందో లెక్కేయండి. రేటులో 5 శాతం వ్యాట్ కలిసిందా, గాలి ఎక్కువై రద్దయితే డబ్బు తిరిగిస్తారా అని ముందే అడగాలి.

పసిపిల్లలుంటే వాళ్ల సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో ఎక్కకముందే చూపించమనండి. మొహమాటం వద్దు. మరీనా దాటగానే అలలు తెలుస్తాయి. కడుపులో తిప్పేవాళ్లను కింద డెక్‌లో, వెనక వైపు కూర్చోబెట్టి, దూరంగా తీరాన్ని చూస్తూ ఉండమనండి. చాలా యాట్‌లలో చెప్పులు విప్పమంటారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మలకు సాక్సులు పెట్టుకెళ్లండి.

ఖర్చు ఎక్కువనిపిస్తే పాత దుబాయ్‌కి వెళ్లండి. దేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ (ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాటించే అబ్రా అనే చెక్క పడవకు 1 దిర్హమ్ ఇస్తే సరిపోతుంది. సాయంత్రం పూట అక్కడి గాలి కూడా హాయిగా ఉంటుంది.